ఎర్ర కొండల మధ్య పండ్ల తోటలు: క్యాపిటల్ రీఫ్‌లో మన చేత్తో పండ్లు కోసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్క్ ఉన్న చోట ఏడాదికి సగటున ఎనిమిది అంగుళాల వానే పడుతుంది. ఎటు చూసినా ఎర్ర ఇసుకరాతి గోడలు, ఎండిపోయిన వాగులు. ఆ ఎడారి మధ్యలో, ఫ్రీమాంట్ నది ఒడ్డున ఉన్న ఫ్రూటా అనే లోయలో రెండు వేలకు దగ్గరగా పండ్ల చెట్లున్నాయి. చెర్రీ, ఆప్రికాట్, పీచ్, పియర్, యాపిల్ ఎక్కువ. ప్లమ్, మల్బరీ, బాదం, వాల్‌నట్ అక్కడక్కడా కనిపిస్తాయి. కాపు ఉన్న రోజుల్లో ఎవరైనా వెళ్లి కోసుకోవచ్చు. తోటలో నిలబడి తిన్నదానికి పైసా ఇవ్వక్కర్లేదు. ఇంటికి పట్టుకెళ్లేవాటికే తూకం, డబ్బు.

యూటా టూర్ వేసుకునే మనవాళ్లు జయాన్, బ్రైస్, ఆర్చెస్ మీద దృష్టి పెట్టి, క్యాపిటల్ రీఫ్‌ని దారిలో తగిలే పార్కుగా చూస్తారు. ఒక గంట ఆగి నాలుగు ఫోటోలు దిగి వెళ్లిపోతారు. నా మాట వింటే దీనికి ఒక పూర్తి రోజు ఇవ్వండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే తప్పకుండా ఇవ్వండి. కొండలెక్కే ట్రెయిల్స్‌లో కారు దగ్గరే ఆగిపోయే పెద్దవాళ్లు ఇక్కడ చెట్టు నీడన అందరితో పాటు పని చేస్తారు. తరచుగా మనకంటే బాగా చేస్తారు.

కానీ ఎడారి తోట మన సెలవులు చూసుకుని పండదు. మార్చిలో చలి దెబ్బ కొడితే జూన్‌లో కొమ్మకి ఒక్క పండు ఉండదు. అందుకే టికెట్ల కంటే ముందు పండు సంగతి తేల్చుకోవాలి.

తోట ఎవరిదో తెలుసుకుని వెళ్లండి

1880 ప్రాంతంలో మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబాలు ఈ లోయలోకి వచ్చి స్థిరపడ్డాయి. ముందుగా ఇక్కడ భూమి చేసుకుని చెట్లు నాటినవాళ్లలో నెల్స్ జాన్సన్ ఒకరు. ఫ్రీమాంట్ నదిలో సల్ఫర్ క్రీక్ కలిసే చోటు కాబట్టి ఊరిని మొదట జంక్షన్ అన్నారు. 1900 దాటాక ఫ్రూటా అనే పేరు స్థిరపడింది. ఊళ్లో ఏ రోజూ పదికి మించి కుటుంబాలు లేవు. నది నుంచి కాలువలు తవ్వి, చెట్ల వరుసల మధ్య బోదెలు తీసి నీళ్లు పారించుకున్నారు. పండ్లని బండ్ల మీద పక్క ఊళ్లకు తోలుకెళ్లి అమ్ముకున్నారు. 1896లో కట్టిన ఒంటిగది బడి ఇప్పటికీ రోడ్డు పక్కన ఉంది. పిల్లలు తగ్గిపోయి 1941లో అది మూతపడింది.

1937లో ఈ ప్రాంతం నేషనల్ మాన్యుమెంట్ అయింది, 1971లో నేషనల్ పార్క్ అయింది. ఈలోగా ప్రభుత్వం ఇళ్లూ పొలాలూ ఒక్కొక్కటిగా కొనేసింది. 1969 నాటికి చివరి కుటుంబం కూడా వెళ్లిపోయింది. ఇళ్లు చాలా వరకు పోయాయి, చెట్లు మిగిలాయి. చచ్చిన చెట్ల స్థానంలో పార్క్ సిబ్బంది కొత్తవి నాటుతున్నారు, కొమ్మలు కత్తిరిస్తున్నారు, ఆ పాత పద్ధతిలోనే కాలువల ద్వారా నీళ్లు పెడుతున్నారు. జాక్సన్, మాట్, క్రూగర్, జోర్గెన్‌సెన్, గై స్మిత్ అని తోటలకు ఇప్పటికీ ఆ పాత రైతుల పేర్లే. ఈ సంగతి పిల్లలకు కార్లోనే చెప్పండి. ఊరు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల చెట్ల కింద నిలబడ్డామని తెలిస్తే కొమ్మ విరిచేముందు చెయ్యి ఆగుతుంది.

ఇంత ఎడారిలో యాపిల్ ఎలా కాస్తుందనే సందేహం మన వైపు వాళ్లకి సహజం. ఫ్రూటా సముద్రమట్టానికి దాదాపు 5,500 అడుగుల ఎత్తులో ఉంది. యాపిల్, చెర్రీ, పీచ్ చెట్లు శీతాకాలంలో కొన్ని వందల గంటల చలి తింటేనే వసంతంలో సరిగ్గా పూస్తాయి. గుంటూరులోనో వరంగల్‌లోనో నీళ్లెన్ని పోసినా ఆ చలి దొరకదు. ఫ్రూటాలో చలికి కొదవ లేదు, నీళ్లు నది ఇస్తుంది. గాలిలో తేమ లేకపోవడం వల్ల బూజు తెగుళ్లు తక్కువ. పగలు కాగిన రాతిగోడలు రాత్రి కొంత వేడిని వదులుతాయి.

మొదటి అడుగు: పండును ఎంచుకుని, దాన్ని బట్టి తేదీ పెట్టుకోండి

చెర్రీలు జూన్ రెండో వారంలో మొదలై జులై మొదటి వారంతో అయిపోతాయి. ఆప్రికాట్లు జూన్ చివర నుంచి జులై మూడో వారం వరకు. పీచ్‌లు, పియర్లు రెండూ ఆగస్టు మొదట్లో వచ్చి సెప్టెంబర్ మొదటి వారం దాకా ఉంటాయి. యాపిల్స్ సెప్టెంబర్ మొదటి వారం నుంచి అక్టోబర్ నడిమి వరకు. ఇవి మామూలు ఏడాది లెక్కలు. ఎండలు ముందొస్తే పది రోజులు ముందుకు జరుగుతాయి, చలి సాగితే వెనక్కి పోతాయి.

ఇందులో ఏది మంచిదంటే, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను యాపిల్ కాలమే చెప్తాను. సెప్టెంబర్ చివరికి ఎండ తగ్గుతుంది, నది పక్కన కాటన్‌వుడ్ చెట్లు త్వరలో పసుపెక్కడం మొదలుపెడతాయి, యాపిల్ చెట్లు లేటుగా పూస్తాయి కాబట్టి చలి దెబ్బ నుంచి తప్పించుకునే అవకాశం కూడా వాటికే ఎక్కువ. పండు గట్టిది కనుక కారులో నలగదు. చెర్రీలకు జనం ఎగబడతారు. ఆదివారం సాయంత్రానికి చేతికందే కొమ్మల మీద ఏమీ మిగలదు. చెర్రీలే కావాలనుకుంటే వారం మధ్యలో వెళ్లండి.

ఆప్రికాట్‌ని నమ్ముకుని టికెట్లు కొనకండి. అది అన్నిటికంటే ముందు, ఒక్కోసారి ఫిబ్రవరి ఆఖరుకే పూత పూస్తుంది. ఆ తర్వాత ఒక్క రాత్రి గట్టిగా మంచు పడితే పూతంతా నల్లబడి రాలిపోతుంది. శీతాకాలం చివర్లో ఎండలు ముందుగా రావడం, చెట్లు తొందరపడి పూయడం, ఆపైన చలి తిరగబెట్టడం ఈ మధ్య సంవత్సరాల్లో ఫ్రూటాకు పెద్ద బెంగ అయింది. కొన్నేళ్లు కాపు చాలా వరకు అలాగే పోయింది.

పండు మీద పట్టుదల లేకపోతే పూత కాలం కూడా చూడదగ్గదే. ఏప్రిల్‌లో ఎర్ర గోడల ముందు పీచ్ గులాబి రంగులో, పియర్, యాపిల్ తెల్లగా పూసి ఉంటాయి. పూలు కోయకూడదు. పూలు పోతే పండ్లు పోయినట్టే కదా.

రెండో అడుగు: బయల్దేరే వారంలో ఒకసారి, ముందు రోజు మరోసారి కనుక్కోండి

పార్క్ వెబ్‌సైట్‌లో తోటల పేజీ ఉంది. ఏ పండు కోతకు వచ్చిందో చెప్పే ఫోన్ లైన్ కూడా ఉంది. రెండూ చూడండి. ఎవరో పోయినేడు పెట్టిన వీడియో చూసి బయల్దేరకండి. ఫోన్‌లో అడగాల్సినవి మూడు: ఏ పండు కోస్తున్నారు, ఏ తోట తెరిచి ఉంది, వారాంతం దాకా మిగిలే కాపు ఉందా.

ఇంట్లోవాళ్లకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి: పండ్లు దొరక్కపోవచ్చు. అది చెప్పకుండా ఐదు గంటలు ప్రయాణం చేయిస్తే పిల్లల మొహాలు చూడలేం.

మూడో అడుగు: దారి, బస

సాల్ట్ లేక్ సిటీ నుంచి నాలుగు గంటల లోపు. లాస్ వేగాస్ నుంచి ఐదు గంటల పైన, పైగా యూటా సమయం ఒక గంట ముందుంటుంది కాబట్టి ఆ గంట కూడా పోతుంది. మోయాబ్ నుంచి రెండున్నర గంటలు. బ్రైస్ నుంచి హైవే 12 మీదుగా వస్తే ఇంచుమించు అంతే పడుతుంది. ఆ దారి తొమ్మిది వేల అడుగుల పైకి ఎక్కి దిగుతుంది, చాలా అందమైన దారి. రోడ్డు మీదకి ఆవులు, జింకలు వస్తుంటాయి, అందుకే ఆ దారిని చీకటి పడకముందే పూర్తి చేసుకోండి.

పార్క్‌లో పెట్రోల్ బంక్ లేదు, హోటల్ లేదు. పడమరగా పదకొండు మైళ్ల దూరంలో టోరీ అనే చిన్న ఊరుంది, తూర్పున 37 మైళ్లు పోతే హ్యాంక్స్‌విల్. ట్యాంక్ నింపుకోవాల్సింది అక్కడే. బస టోరీలో దొరుకుతుంది. టెంట్ అలవాటు ఉంటే తోటల పక్కనే ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్ ఉంది, వేసవిలో నెలల ముందే బుక్ అయిపోతుంది.

శాకాహారులు సరుకులు పెద్ద ఊళ్లోనే కొనుక్కుని రండి. పులిహోర, చపాతీలు, చట్నీపొడి, ఒక కూలర్‌లో పెరుగు ఉంటే రోజు గడిచిపోతుంది. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు కార్లలో వస్తుంటే ఎక్కడ, ఎన్నింటికి కలవాలో నోటితోనే ఖాయం చేసుకోండి.

నాలుగో అడుగు: ఏం పట్టుకెళ్లాలి

ఒంటికి పల్చటి పొడుగు చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ. కాళ్లకు మూసి ఉన్న బూట్లు. చెప్పులు, చీర కుచ్చిళ్లు తోటలో ఇబ్బంది పెడతాయి. బోదెల్లో నీళ్లు పారి ఉంటే బురద, లేకపోతే గడ్డిలో కనిపించని గుంటలు. అమ్మలకి పంజాబీ డ్రెస్సు, షూస్ వేసుకోమని మెల్లగా ఒప్పించండి.

పండ్లకు లోతు తక్కువున్న అట్టపెట్టెలు, అడుగున పరవడానికి పాత తువ్వాళ్లు. లోతైన బకెట్లో పీచ్‌లు వేస్తే అడుగువి పైవాటి బరువుకే నలిగిపోతాయి. కడగడానికి, తాగడానికి నీళ్లు విడివిడిగా. మనిషికి కనీసం నాలుగు లీటర్లు కారులో ఉండాలని నా లెక్క. తాగే నీళ్లు విజిటర్ సెంటర్ దగ్గర నింపుకోవచ్చు, ఎడారిలోకి కాస్త దూరం పోతే ఎక్కడా దొరకవు. చిల్లర నోట్లు తప్పనిసరిగా ఉంచుకోండి, ఎందుకో కింద చెప్తాను.

ఐదో అడుగు: తెరిచిన తోటను కనుక్కోండి

నేరుగా కనపడ్డ చెట్టు దగ్గరకి వెళ్లకండి. ముందు విజిటర్ సెంటర్‌లో ఆగి, ఈ రోజు ఏ తోట తెరిచారో అడగండి. కోతకు అనుమతి ఉన్న తోట దగ్గర యూ-పిక్ (మీరే కోసుకోండి) అని బోర్డు ఉంటుంది. బోర్డు లేని తోటలో నడవొచ్చు, చూడొచ్చు, కోయకూడదు. పండు మిలమిలా మెరుస్తున్నా అంతే. ఆ చెట్లకు మందు కొట్టి ఉండొచ్చు, ఆ రోజు నీళ్లు పెడుతూ ఉండొచ్చు, లేదా పండు ఇంకా తయారై ఉండకపోవచ్చు.

తోటలు రోడ్డుకు, నదికి ఆనుకునే ఉంటాయి కాబట్టి నడక తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఒక మడత కుర్చీ వేస్తే కింది కొమ్మలు కూర్చునే కోసుకోవచ్చు. ప్రవేశ రుసుము సీనిక్ డ్రైవ్ అనే పార్క్ లోపలి రోడ్డుకి మాత్రమే, తోటలకు కాదు.

వీలైనంత పొద్దున్నే వెళ్లండి. చల్లగా ఉండగా కోసిన పండు ఎక్కువ రోజులు నిలుస్తుంది, మనిషికీ హాయి. పదకొండు దాటాక కోసిన పీచ్ చేతిలోనే వేడిగా తగులుతుంది, అది సాయంత్రానికే మెత్తబడుతుంది.

ఆరో అడుగు: కోసే పద్ధతి

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. చెట్టుకి దెబ్బ తగిలేదీ, పండు రుచి తేలేదీ ఇక్కడే.

చెర్రీని పండు పట్టుకుని లాగకూడదు. తొడిమ మొదట్లో పట్టుకుని, కొద్దిగా తిప్పి, తొడిమతో సహా తీయాలి. తొడిమ ఊడిన చెర్రీకి పైన చిన్న గాయమవుతుంది, రసం కారి రెండు రోజుల్లో బూజు పడుతుంది. తొడిమ పుట్టే చోట పొట్టిగా ఒక కణుపు కనిపిస్తుంది. వచ్చే ఏడు పూత అక్కడే వస్తుంది. గుత్తిని పీకితే ఆ కణుపు కూడా వచ్చేస్తుంది. చెర్రీ చెట్టు మీద పండదంటే ఇంకెక్కడా పండదు, కాబట్టి ముదురు రంగు వచ్చినవే తీయండి. ముందు ఒకటి తిని చూసి ఆ చెట్టు సంగతి తేల్చుకోండి.

ఆప్రికాట్‌లో పచ్చదనం పూర్తిగా పోయి నారింజ రంగు తిరగాలి. వేలితో నొక్కద్దు, అరచేతిలో పెట్టి మెల్లగా పట్టుకుంటే కొంచెం లొంగుతుంది. సరిగ్గా పండినది చెయ్యి తగలగానే ఊడొస్తుంది. లాగాల్సి వస్తే ఇంకా కాలేదని అర్థం, వదిలేయండి.

పీచ్ విషయంలో ఎరుపు చూసి మోసపోతారు. ఎరుపు ఎండ తగిలిన వైపు వస్తుంది, పండిందో లేదో అది చెప్పదు. తొడిమ చుట్టూ, నీడ వైపు ఉన్న రంగు చూడండి. అక్కడ ఆకుపచ్చ పోయి పసుపు వస్తే కోయొచ్చు. వాసన కూడా వస్తుంది. అరచేయి నిండా పట్టుకుని కాస్త తిప్పి తీయాలి. నూగు ఒంటికి దురద పుట్టిస్తుంది, చిన్నపిల్లలకి పొడుగు చేతుల చొక్కా వేసింది ఇందుకు కూడా.

పియర్ దగ్గర మనవాళ్లు తేలిగ్గా నెగ్గుతారు. మామిడికాయని ముదిరాక కోసి గడ్డిలో మాగబెట్టినట్టే దీన్నీ గట్టిగా ఉండగానే కోయాలి. చెట్టు మీదే మెత్తబడనిస్తే లోపలి నుంచి కుళ్లు మొదలై, పైకి బాగానే కనిపిస్తుంది. వేలాడే కాయని పట్టుకుని అడ్డంగా, నేలకు సమంగా పైకెత్తండి. ముదిరిన కాయ తొడిమ దగ్గర టక్కున విడిపోతుంది. విడిపోకపోతే ఇంకా లేత. ఇంటికొచ్చాక బయటే ఉంచితే కొన్ని రోజుల్లో మెడ దగ్గర మెత్తబడుతుంది, అప్పుడు తినాలి.

యాపిల్‌ని కిందికి లాగకండి. పండు కిందికి అరచెయ్యి పెట్టి పైకెత్తుతూ కాస్త మెలి తిప్పితే వచ్చేస్తుంది. ఒకటి కోసి అడ్డంగా చీల్చి చూస్తే గింజలు గోధుమరంగులో ఉండాలి, తెల్లగా ఉంటే ఇంకా పచ్చికాయలే. ఫ్రూటాలో రకరకాల పాత జాతులున్నాయి, క్యాపిటల్ రీఫ్ రెడ్ అనే ఇక్కడిదే ఒక రకం కూడా ఉంది. దుకాణంలో దొరికే మెరుపు వీటికి ఉండదు, కొన్నింటి మీద మచ్చలుంటాయి. అవి చూసి వదిలేయకండి, కోసి తిని చూడండి.

కోసేముందే లెక్క వేసుకోండి. మనింట్లో వారంలో తినగలిగినంత, దాని మీద ఒకటి రెండు ఇళ్లకు పంచేంత చాలు. పెట్టెలు నింపుకెళ్లి చెత్తలో వేస్తే తర్వాత వచ్చినవాళ్లకి ఖాళీ కొమ్మలు మిగులుతాయి. నాకు ఈ తోటల్లో నిజంగా బాధ కలిగించేది, ఒక కొరుకు కొరికి గడ్డిలో విసిరేసిన పచ్చి పీచ్‌లు. పిల్లలతో చెప్పండి: కోసింది తినాలి, లేదా పెట్టెలో వేయాలి.

ఏడో అడుగు: నిచ్చెన, దోటి

కోత జరిగే తోటలో సాధారణంగా నిచ్చెనలు, చిక్కం ఉన్న పొడవాటి దోటీలు ఉంచుతారు. పెద్దవాళ్లు దోటీ తీసుకుంటే సరిపోతుంది. వాళ్లకి దాని మీద పట్టు బాగా ఉంటుంది.

నిచ్చెనకి మూడు కాళ్లు. మన ఇళ్లలో వాడే నిచ్చెనతో పోలిస్తే వేరే పద్ధతి. మూడో కాలిని కొమ్మల సందులోంచి చెట్టు లోపలికి పెట్టి, మెట్లున్న వైపు బయటికి ఉంచాలి. ముందు రెండు కాళ్లు నేలలో దిగాయో లేదో కింది మెట్టు మీద నిలబడి ఒకసారి నొక్కి చూడండి. బోదె అంచున పెట్టకండి. పై రెండు మెట్లు ఎక్కకండి, పక్కకి వంగి అందుకోకండి, దిగి నిచ్చెన జరపండి. ఒకరు ఎక్కితే ఇంకొకరు కింద పట్టుకోవాలి. చెట్టెక్కడం నిషేధం. చిన్నప్పుడు జామచెట్లు ఎక్కిన నాన్నలకి ఇది కష్టమే గానీ, ఈ ముసలి చెట్ల కొమ్మలు బరువుకి చీలిపోతాయి.

ఎనిమిదో అడుగు: తినేటప్పుడు

చెట్టు కిందే కడుక్కుని తినండి. నేల మీద రాలినవి నోట్లో పెట్టకండి. తోటల్లో జింకలు, మార్మట్ అనే పెద్ద ఉడుత జాతి జంతువులు యథేచ్ఛగా తిరుగుతాయి, వాటి పేడ గడ్డిలో ఉంటుంది. రాలిన పండ్ల చుట్టూ కందిరీగలు కూడా ముసురుతాయి.

ఉచితం కదా అని ఖాళీ కడుపుతో చెర్రీలు, పియర్లు దండిగా తినొద్దు. వాటిలో సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం ఎక్కువ, అది పేగులను కదిలిస్తుంది. ముందు ఇడ్లీయో బ్రెడ్డో తిని రండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లు రెండు మూడు తిని ఆపడం మంచిది, మందుల సమయం తోట హడావుడిలో తప్పనీయకండి.

ఆప్రికాట్ టెంక పగలగొట్టి లోపలి పలుకు తినే అలవాటు కొందరికి ఉంది. బాదం పలుకులాగే కనిపించినా చేదుగా ఉన్నదాంట్లో అమిగ్డలిన్ ఉంటుంది, కడుపులోకి వెళ్లాక అది సైనైడ్‌గా మారుతుంది. పిల్లల చేతికి ఇవ్వకండి.

తొమ్మిదో అడుగు: తూకం, డబ్బు

తోట దగ్గర ఒక కాటా, సంచులు, ధరల బోర్డు, డబ్బు వేసే పెట్టె ఉంటాయి. చాలాసార్లు అక్కడ మనిషి ఉండడు. మీరే తూచి, లెక్క వేసి, డబ్బు పెట్టెలో వేయాలి. తిరిగి చిల్లర ఇచ్చేవాళ్లు ఉండరు, చిల్లర నోట్లు తెచ్చుకోమన్నది అందుకే. ఆ డబ్బు ఈ తోటల పోషణకే పోతుంది. లెక్క తెగకపోతే ఒక డాలర్ ఎక్కువే వేయండి. తూకం, లెక్క పిల్లల చేత చేయించండి, వాళ్లకి అది బాగా నచ్చుతుంది.

ఎండ, వరద

ఎత్తు ప్రదేశంలో ఎండ చర్మాన్ని త్వరగా కాలుస్తుంది. జులైలో పగటి వేడి 32, 33 డిగ్రీల సెల్సియస్ దాకా వస్తుంది. విజయవాడ ఎండలు చూసినవాళ్లకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ గాలి పొడిగా ఉండటంతో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలియదు. పెదవులు ఎండటం, తలనొప్పి, చికాకు కనిపిస్తే నీడలో కూర్చోబెట్టి ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఇవ్వండి. నీరు తగ్గించే బీపీ మాత్రలు వాడేవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగాలి.

జులై నుంచి సెప్టెంబర్ వరకు మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. మీ నెత్తిన చినుకు పడకపోయినా, ఎక్కడో పైన పడ్డ వాన ఎండు వాగుల్లో గోడలా ముంచుకొస్తుంది. 2022లో అయితే జూన్‌లోనే క్యాపిటల్ గోర్జ్ అనే ఇరుకు లోయలో అలాగే వరద వచ్చి సందర్శకులు చిక్కుకుపోయారు. తోట పని ఉదయం ముగించుకుని, మధ్యాహ్నం గ్రాండ్ వాష్ అనే ఎండు వాగుకో ఆ గోర్జ్‌కో పోవాలనుకుంటే విజిటర్ సెంటర్‌లో ఆ రోజు హెచ్చరిక చూసే కదలండి. నీళ్లు పారుతున్న రోడ్డు మీదికి కారు దింపకండి.

నది గట్టున మూడేసి ఆకుల తీగ కనిపిస్తే తాకకండి. అది పాయిజన్ ఐవీ, దద్దుర్లు వారాల పాటు వేధిస్తాయి. జింకలకు పండ్లు పెట్టకండి.

పండ్లు దొరక్కపోతే

ఆ రోజు వృథా కాదు. సీనిక్ డ్రైవ్ మొదట్లో గిఫర్డ్ ఇల్లు ఉంది. 1908లో కట్టింది. గిఫర్డ్ కుటుంబం 1928 నుంచి 1969 దాకా అక్కడ కాపురం ఉంది. ఇప్పుడు అందులో చిన్న దుకాణం, పండ్ల పైలు అమ్ముతారు. మధ్యాహ్నానికల్లా అయిపోతుంటాయి, ఉదయమే వెళ్లండి. గుడ్డు, జంతు కొవ్వు తిననివాళ్లు కొనేముందు దినుసులు అడగండి. హైవే 24 పక్కన, పూర్వం ఇక్కడ బతికిన ఫ్రీమాంట్ అనే ఆదివాసీ ప్రజలు రాతిగోడ మీద చెక్కిన బొమ్మలు ఉన్నాయి. చెక్కబాట వేసి ఉండటంతో పెద్దవాళ్లు తేలిగ్గా వెళ్లి చూడొచ్చు. ఒంటిగది బడి కూడా దగ్గరే. రాత్రి ఉంటే ఆకాశం చూడండి. రాత్రి చీకటిని కాపాడే చోట్లకిచ్చే అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపు 2015లో ఈ పార్క్‌కి వచ్చింది. అమావాస్య దగ్గర్లో పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది.

పదో అడుగు: ఇంటికి చేర్చడం, వండటం

పండ్ల పెట్టెలు డిక్కీలో కాకుండా ఏసీ తగిలే వెనక సీటు కింద పెట్టండి. పీచ్, ఆప్రికాట్ ఒకే వరుస. చెర్రీలు కూలర్‌లో, కడగకుండా. దారిలో హైకింగ్‌కి ఆగి ఎండలో కారు వదిలితే రెండు గంటల్లో ఆప్రికాట్లు జామ్ అవుతాయి.

కాలిఫోర్నియా తిరిగి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ రాష్ట్రంలోకి వెళ్లే హైవేల మీద వ్యవసాయ తనిఖీ కేంద్రాలుంటాయి, పండ్లున్నాయా అని అడుగుతారు. దాచకుండా చెప్పండి. పురుగు వస్తుందన్న భయంతో కొన్ని పండ్లని అక్కడే తీసేసుకుంటారు. కాబట్టి కాలిఫోర్నియా వాళ్లు తోటలోనే కడుపు నిండా తిని, కొద్దిగా మాత్రమే వెంట తీసుకెళ్లడం మేలు. అమ్మానాన్నల సూట్‌కేసులో తాజా పండ్లు పెట్టి ఇండియా పంపే ఆలోచన కూడా మానుకోండి, దానికి అనుమతి పత్రాలు కావాలి.

ఇంట్లో యాపిల్స్ ఫ్రిజ్‌లో విడిగా పెట్టండి, వాటి నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి పక్కనున్న ఆకుకూరలు పసుపెక్కుతాయి. పుల్లటి యాపిల్ దొరికితే తురిమి పులిహోర కలపండి, పప్పులో వేయండి, మామిడికాయ లేని లోటు చాలా వరకు తీరుతుంది. యాపిల్ ముక్కలతో ఆవపిండి, కారం, నూనె కలిపి పచ్చడి కూడా బాగుంటుంది. కాకపోతే నీరెక్కువ కాబట్టి ఫ్రిజ్‌లో ఉంచి వారం పది రోజుల్లో తినేయాలి.

ఆప్రికాట్ తెచ్చుకున్న హైదరాబాదీలకి ఖుబానీ కా మీఠా గుర్తొస్తుంది. అది ఎండు ఆప్రికాట్లతో చేసేది. తాజావాటిని రెండు ముక్కలుగా చీల్చి, టెంక తీసి, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీసి, డీహైడ్రేటర్‌లో 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర తోలులా సాగేదాకా ఎండబెట్టండి. చేత్తో వంచితే తడి కనిపించకూడదు. చల్లారాక గాజు సీసాలో పోసి మూత పెట్టండి. వారం పాటు రోజూ ఒకసారి సీసా కదిపి చూడండి, అద్దానికి ఆవిరి పడితే మళ్లీ ఎండబెట్టాలి. చేసే రోజున రాత్రంతా నానబెట్టి, అదే నీళ్లలో సన్నని సెగ మీద ఉడికించి, మెత్తబడ్డాక చక్కెర వేయండి. ముందే వేస్తే ముక్క బిరుసెక్కుతుంది. ఎండబెట్టే ఓపిక లేకపోతే తాజా ముక్కలనే చాలా కొద్ది నీళ్లతో ఉడికించి, చక్కెర తగ్గించి, చల్లార్చి మీగడతో వడ్డించవచ్చు. పులుపు కాస్త ఎక్కువుంటుంది, మా ఇంట్లో అదే ముందు అయిపోతుంది.